ఉత్తుత్తి కొండ మీద వంకాయ రంగు పట్టు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నేను యూరప్‌లో ఎక్కడో కొండ దిగుతూ, ధర్మవరంలో ఒక పెళ్ళిచీర పట్టును చిక్కుచిక్కు చేసిపెట్టాను. రెండూ ఒకేసారి, మా మగ్గం గదిలో, కూర్చున్న సీటు మీద నుంచి లేవకుండానే. నవ్వండి, పర్వాలేదు. మా వీధంతా నవ్వేసింది, మీరే మిగిలారు.

మొదటి నుంచి చెబుతా. నేను ఎర్రమంచి దగ్గర ఒక స్పేర్‌పార్ట్స్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పొద్దున బస్సులో కూర్చుంటా, ఆఫీసులో కూర్చుంటా, సాయంత్రం మళ్ళీ బస్సులో కూర్చుంటా. ఆ కూర్చున్న ఫలితం రిపోర్టులో కనిపించింది. హిందూపురం డాక్టరు, షుగర్ బార్డర్‌లో ఉందమ్మా, మూడు నెలలు టైమిస్తా, ఒళ్ళు కదిలిస్తే సరి, లేకపోతే మాత్రలే అన్నాడు. మా నాయనకు షుగర్ వల్లే కాలి వేళ్ళు తీసేశారు. ఆయన కూడా మొదట్లో బార్డర్ దగ్గరే ఉండేవాడు. నాకు నిజంగా భయమేసింది. ఏం చేసైనా సరే ఈ మూడు నెలల్లో గట్టెక్కాలనుకున్నా.

నడుద్దామంటే మా వీధిలో ఊరికే నడవడం కుదరదు. ప్రతి గడప దగ్గరా యాడికి పోతాండావు అని అడుగుతారు. వాకింగ్ అంటే నమ్మరు. ఇంట్లో ఏదో గొడవ జరిగిందనుకుని, పాపం, లోపలికి పిలిచి కూర్చోబెడతారు. మొదటి రోజు వాకింగ్‌కు పోయి రెండిళ్ళలో కాఫీ తాగి వచ్చాను. రెండూ చక్కెర కాఫీలే.

అప్పుడు మా ఆఫీసు మంజుల ఆదుకుంది. వాళ్ళది హిందూపురం. లాక్‌డౌన్‌లో వాళ్ళాయన ఒక గేర్ సైకిలు, దానికింద పెట్టే స్మార్ట్ ట్రైనర్ కొన్నాడట. "మా ఇంట్లో ఊరికే పడుండాది శైలా, దాని మీద టవల్లు ఆరేస్తాండాము. నువ్వన్నా తొక్కు" అని ఇచ్చేసింది.

అది ఎట్లా పనిచేస్తుందంటే, సైకిల్ వెనక చక్రాన్ని ఆ స్టాండులో బిగించాలి. చక్రం కింద ఒక రోలర్ ఉంటుంది, టైరు దాన్ని ఆనుకుని తిరుగుతుంది. ఫోన్‌లో యాప్ పెట్టి బ్లూటూత్ కలిపితే తెర మీద ఒక బొమ్మ మనిషి మన బదులు రోడ్డు మీద పోతుంది. ఆ బొమ్మకు కొండ వస్తే ఇక్కడ రోలర్ బిగుసుకుంటుంది, పెడల్ తొక్కలేక చస్తాం. కొండ దిగుతుంటే రోలర్ వదులైపోతుంది, చక్రం దానంతటదే పరుగెత్తుతుంది. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

సామాను రైల్లో తెచ్చుకున్నా. పెనుకొండలో ఎక్కిన ఒకామె, ఇది చెరకురసం మిషనా అని అడిగింది. సైకిలక్కా, ఇంట్లో నిలబెట్టి తొక్కేది అన్నా. తొక్కితే యాడికి పోతాది అంది. యాడికీ పోదు అన్నా. ఆమె నన్ను కాసేపు చూసి, తన బుట్ట కొంచెం అవతలికి జరుపుకుంది.

ఇంట్లో ఆ ప్రశ్న ఇంకా పెద్దదైంది. మా మేడ మీద గది రేకుల గది, పొద్దున ఎనిమిదికే కాలిపోతుంది. చల్లగా ఉండేది మగ్గం గది ఒక్కటే. ఒక పక్క గుంత మగ్గంలో మా ఆయన నేస్తుంటాడు. ఇంకో పక్క మా అత్త రాట్నం పెట్టుకుని, పట్టు చిలపలోని, అంటే పెద్ద చుట్టలోని దారాన్ని చిన్న చిన్న కండెలకు చుడుతుంటుంది. ఆ కండెల దారంతోనే మా ఆయన చీర నేసేది. వాళ్ళిద్దరి మధ్య నేను సైకిలు వేశా. కాళ్ళాడితే, చేతులాడితే చీర కొంచెం పెరగాల్సిన గది అది. అందులో ఏదీ పెరగకుండా కాళ్ళాడించేదాన్ని నేనొక్కదాన్నే.

మొదటి వారం సీటు నొప్పికి ఆఫీసు బస్సులో నిలబడే పోయాను. జీవితంలో మొదటిసారి సీటు ఖాళీగా ఉన్నా వద్దన్నా. రెండో వారానికి అలవాటైంది. చెమట పట్టి, ఊపిరి తిరిగి, స్నానం చేసి కూర్చుంటే ఒళ్ళు తేలికగా ఉండేది. సంతోషంగా ఉండేది కూడా, దాచుకోవడమెందుకు.

అత్త మాత్రం రోజూ అడిగేది, ఈ పొద్దు ఎంత దూరం పోయినావని. పది కిలోమీటర్లు అంటే, ఈడే కదా ఉండావు అనేది. ఎగతాళి కాదు, ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. ఒకరోజు రాట్నం తిప్పుతూ తిప్పుతూ భుజం పట్టుకుని ఆగిపోయి, "ఏమ్మే, ఆ తొక్కేదేదో నా రాట్నం మింద తొక్కరాదా, నా రెక్కన్నా మిగులుతాది" అంది.

ఆమె ఊరికే అంది. నాకది రాత్రంతా బుర్రలో తిరిగింది. ఆమె భుజం చూస్తే నాకు ఎప్పుడూ పాపమనిపిస్తుంది. పైగా ఇంట్లో నా సైకిలుకు ఒక పని దొరికితే ఎవరూ దాన్ని తీసేయమనరు. పాత సైకిళ్ళకు డైనమో ఉండేది చూడండి, టైరుకు ఆనించితే తిరిగేది. అట్లాగే రాట్నంలో కండె తొడిగి తిప్పే ఇనప కదురు విడిగా తీసి, దాని చివర చిన్న రబ్బరు చక్రం బిగించి, నా వెనక టైరుకు ఆనించా. మా ఆయన స్క్రూలు బిగించాడు గానీ, ఇందులో నాకేం సంబంధం లేదని ముందే చెప్పి పెట్టాడు.

పనిచేసింది. నేను కొండ ఎక్కుతుంటే చక్రం నిదానంగా తిరిగేది, కదురు సరిగ్గా అత్త చేతి వేగంతోనే తిరిగేది, కండె గుండ్రంగా నిండేది. అత్త పక్కన పీట వేసుకుని దారం పట్టుకుంటే చాలు. ఆమె ముఖం వెలిగిపోయింది. మెల్లగా తెర చూడటం మొదలుపెట్టింది. చదునైన రోడ్డు వస్తే ఆమెకు నచ్చేది కాదు, ఇంకా కొండ లేదా అని అడిగేది. రోజూ కొండలుండే రూట్లే పెట్టుకున్నా. ఇంత తెలివి నాలో ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందా అని నాకు నేనే మురిసిపోయా.

ఇక ఆ ఆదివారం. యాప్‌లో మన తెలుగు ఆడవాళ్ళ బిగినర్స్ గ్రూపు ఒకటుంది. హైదరాబాద్ సుచరిత గారు లీడర్. ఆ రోజు పెద్ద కొండ, అందరం కలిసి ఎక్కాలి. అంతకుముందు రెండుసార్లు నేను వెనకబడిపోయి ఒంటరిగా తొక్కి వచ్చా. ఈసారి వదిలిపెట్టేది లేదని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎక్కా.

అత్తకు కూడా ఆ రోజు పెద్ద రోజే. అమరాపురం పెళ్ళివాళ్ళు చెప్పి నేయించుకుంటున్న చీర మగ్గం మీద ఉంది. వంకాయ రంగు. దానికోసం ప్రత్యేకంగా అద్దించిన పట్టు. మళ్ళీ అద్దిస్తే అచ్చం అదే రంగు రాదు. పెద్ద కొండంటే ఎక్కువ కండెలు అవుతాయని, ఆమె ఆ చిలపనే తెచ్చి పెట్టింది.

ఎక్కడం బ్రహ్మాండంగా జరిగింది. సగం కొండకు నేను చివరిదాన్ని కాదు. కొండ కొస దగ్గర ఇంకొకామెను దాటా. చెవిలో సుచరిత గారు శైలజ గారూ సూపర్ అంటున్నారు. నన్ను ఎవరైనా సూపర్ అని ఎన్నాళ్ళయిందో. కొండ మీద బ్యానర్ దాటగానే ఆమె, ఇక డౌన్‌హిల్, అందరూ ఎంజాయ్ చేయండి అంది.

నేను ఎంజాయ్ చేశా.

రోలర్ వదులైంది. పెద్ద గేరు వేశా. తలొంచుకుని తొక్కా. తెర మీద నా బొమ్మ వంగి గాలిలో పోతోంది, నలభై, యాభై, అరవై. చక్రం హోరుమంటోంది. పక్కన ఏదో కీచుమంటున్నట్టు అనిపించింది గానీ యూరప్ గాలి అనుకున్నా. అప్పుడు నా కాలికి మెత్తగా ఏదో తగిలింది. చూస్తే వంకాయ రంగు. చైనుకు వంకాయ రంగు, పెడల్‌కు వంకాయ రంగు, అత్త చేతి గాజులకు కూడా వంకాయ రంగే. ఆమె నోరు కదులుతోంది, నాకు వినిపించడం లేదు.

తొక్కడం ఆపేశా. చక్రం ఆగలేదు. అత్త పోయి గోడ దగ్గర ట్రైనర్ ప్లగ్గు పీకేసింది. అయినా ఆగలేదు. బ్రేకు పట్టుకుంటే ఆగేది. కానీ బొమ్మ రోడ్డు మీద బ్రేకు అవసరమే రాదు, వారాల తరబడి ముట్టలేదు. సైకిలుకు బ్రేకు ఉంటుందన్న సంగతే మర్చిపోయా. చివరికి కదురు ఊడి మగ్గం గుంతలో, మా ఆయన కాళ్ళ దగ్గర పడింది. ఆయన తలెత్తి చూశాడు. అదే క్షణంలో నా ఫోన్‌లో రంగు కాగితాలు రాలాయి. నా జీవితంలో ఇదే అత్యధిక వేగమట, అభినందనలట.

మా ఆయన మెల్లగా, "అమరాపురమోళ్ళకు నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పట్టు పోయింది, సైకిలు కూడా ఇక పోతుంది, మళ్ళీ నేను కుర్చీలోకి, ఆ తర్వాత మాత్రల్లోకి. మా నాయన కాలు కళ్ళ ముందు మెదిలింది. నేనే ఒక్కో స్క్రూ విప్పడం మొదలుపెట్టా, ఎవరో చెప్పేదాకా ఎందుకని.

అత్త ఆ చిక్కంతా తెచ్చి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. స్క్రూలు మళ్ళా చూసుకుందువులే, ముందు ఈ కొస పట్టుకో అంది. పట్టుకున్నా. మధ్యాహ్నం అన్నం కూడా ఆ దారం మధ్యలోనే తిన్నాం. పొద్దు వాలేదాకా విప్పితే చాలావరకు బతికింది. తెగినచోట ముడేసింది, చైను గ్రీసు అంటినంత మేరకు కత్తిరించి పారేసింది. చీరకు సరిపోతుందని మా ఆయన లెక్క చూసి ఊపిరి పీల్చుకున్నాడు. నేను ఆయనకంటే గట్టిగా పీల్చుకున్నా.

అప్పుడు అత్త తీర్పు చెప్పింది. "సైకిలు ఈడే ఉండనీ. నువ్వు ఎక్కేది మంచిగానే ఎక్కుతాండావు. దిగేదే నీకు చేతకాదు. ఎక్కు, దిగొద్దు."

అంతే. కదురు మళ్ళీ టైరుకు ఆనించి బిగించా. ఆ రోజు నుంచి నేను రోజూ ఒక కొండ ఎక్కుతాను. కొస రాగానే సైకిలు దిగి స్నానానికి పోతాను. వంకాయ రంగు చీర అమరాపురం పోయింది, ఎవరూ ఏమీ కనిపెట్టలేదు. పక్కింటివాళ్ళు కూడా ఈ పొద్దు శైల కొండెప్పుడెక్కుతాది అని చిలపలు తెచ్చి పెట్టిపోతున్నారు. నడకకు పోతే నమ్మనివాళ్ళు కొండెక్కుతున్నానంటే నమ్ముతున్నారు. డాక్టరు దగ్గరికి ఇంకా పోలేదు గానీ, పక్కింటి మిషన్‌లో పొద్దున్నే చూసుకుంటే షుగర్ తగ్గింది. కొంచెమే. ఆ కొంచెం చూసి నేను ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు మళ్ళీ చూసుకున్నా.

మొన్న గ్రూపు రైడ్ అయ్యాక సుచరిత గారు చాట్‌లో అడిగారు. శైలజ గారూ, ప్రతిసారీ కొండ మీదే ఆగిపోతున్నారు, అంత కష్టపడి ఎక్కి దిగే మజా వదులుకుంటే ఎట్లా అని. నేను ఒక చేత్తో చెమట తుడుచుకుంటూ తొందరలో, "దిగడానికి మా అత్త ఒప్పుకోదు మేడమ్" అని కొట్టి పంపేశా.

ఇక చూడండి. వరసగా ఏడుపు బొమ్మలు. ఈ రోజుల్లో కూడా ఇట్లాంటి అత్తలున్నారా అని ఒకామె. సుచరిత గారైతే విడిగా మెసేజ్ పెట్టారు: భయపడకండి, మీరు ఒంటరి కాదు, నేనున్నాను.

ఆ సమయానికి ఆ రాక్షసి అత్త నా ముందు రాగి అంబలి గ్లాసు పెడుతోంది. నవ్వాపుకోలేక మొత్తం చదివి వినిపించా. కోపం వస్తుందనుకున్నా. ఆమె గ్లాసు నా వైపు జరిపి, "ఆయమ్మ గూడా కొండలెక్కుతాదా?" అని అడిగింది. నాకంటే బాగా ఎక్కుతుందత్తా అన్నా. "అట్లయితే ఒకసారి రమ్మను. మనకింకా చిలపలు శానా ఉండాయి" అంది.

రమ్మన్నా. వచ్చే ఆదివారమే వస్తానని వెంటనే జవాబొచ్చింది. ఆమె వచ్చేది నన్ను కాపాడటానికి. అత్త ఇప్పటికే రాట్నం పక్కన ఇంకో సైకిలు పట్టేంత చోటు ఖాళీ చేయించింది. నేనేం చేస్తున్నానంటారా? ఆ చోటు తుడుస్తున్నా.