పెదనాన్న గారింటి టీవీ, శుక్రవారం ఏడున్నర

మా చిన్నప్పుడు శుక్రవారం సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి మా వీధిలో సగం మంది పెదనాన్న గారింట్లో చాప మీదే ఉండేవాళ్లు... పామర్రు పక్కన చిన్న ఊరు మాది. వీధి మొత్తానికి అదొక్కటే టీవీ. నేనైతే ఏడింటికే వెళ్లి ముందు వరసలో చోటు పట్టేదాన్ని.

అప్పుడొచ్చే ఆ హాస్య సీరియల్ పేరు చెప్పను. నా వయసు వాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది. ఒక తాతగారు, ముగ్గురు కొడుకులు, కోడళ్లు, పిల్లలు... అందరికీ కలిపి ఒకటే బాత్రూమ్. ప్రతి వారం ఏదో చిన్న విషయానికి ఇల్లు ఎగిరిపోయేంత గొడవ, అరగంట తిరిగేసరికి అందరూ కలిసి భోజనాలు. అంతే కథ. దానికే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం.

మా నాన్న మాత్రం వచ్చేవారు కాదు. పెదనాన్నకీ ఆయనకీ మాటల్లేవు.

కారణం నారుమడి. మా చేను ఎగువన, పెదనాన్నది దిగువన. అంతకు ముందేడు గట్టు తెగి పెదనాన్న నారుమడి మునిగిపోయింది. "మా తమ్ముడే గండి కొట్టాడు" అని ఆయన టీ కొట్టు దగ్గర పదిమందిలో అనేశారు. నాన్న కొట్టలేదు. తననొక్క మాట అడక్కుండా అన్నారని ఆయన బాధ... ఆడవాళ్లు మాత్రం గోడ మీదుగా కూరలూ పచ్చళ్లూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు. మగాళ్ల పంతాలకి వాళ్లెక్కడ ఆగుతారు!

రెండిళ్ల మధ్య ఉన్నది పిట్టగోడే. నాన్న మా పెరట్లో నవారు మంచం వాల్చుకుని సీరియల్ వినేవారు. వింటున్నానని ఒప్పుకునేవారు కాదు. కానీ టీవీలో మాటల్లేకుండా జనం గొల్లుమన్నారంటే మాత్రం ఆగలేకపోయేవారు. ప్రకటనలు రాగానే నేను గోడ దగ్గరికి పరుగెత్తాలి.

"ఏమైందే?"

"తాతగారి పంచె తలుపులో ఇరుక్కుపోయింది నాన్నా."

"ఓస్, అంతేనా!" అనేవారు. అని, అప్పుడు నవ్వేవారు.

పెదనాన్న సౌండు బాగా పెంచేవారు. "ఎందుకండీ ఆ గోల, మనకేమైనా చెవుడా?" అని దొడ్డమ్మ విసుక్కునేది. అయినా ఆయన తగ్గించేవారు కాదు. అది ఎవరి కోసమో నాకు బుద్ధి తెలిశాక గానీ అర్థం కాలేదు.

కాలవకి కొత్తగా నీళ్లు వదిలిన రోజులు... ఆ శుక్రవారం నీళ్ల వంతు మాది. నాన్న చేలో కాపలా ఉండాలి. చేలోకి నీళ్లొచ్చే బోదె తెరిచి, ఓ అరగంటలో వెనక్కి పోవచ్చులే అని ఇంటికొచ్చేశారు. ఎందుకొచ్చారో మాకందరికీ తెలుసు.

ఖర్మ కాలి ఆ వారం సీరియల్లో తాతగారు ఇంటిల్లిపాదితో మౌనవ్రతం పట్టించారు. అంతా సైగలే. చాప మీద మేం దొర్లి దొర్లి నవ్వుతున్నాం, గోడవతల ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు. ఎంతసేపని ఓర్చుకుంటారు?

వెనక్కి తిరిగి చూద్దును కదా, గుమ్మంలో నాన్న!

అందరి నవ్వూ ఆగిపోయింది. పెదనాన్న ఒకసారి చూసి, మళ్లీ టీవీ వైపు తిరిగారు. "గుమ్మానికి అడ్డం నిలబడితే గాలి రావట్లా. వచ్చి కూర్చో" అన్నారు. నాన్న వచ్చి చాప చివర కూర్చున్నారు.

సీరియల్ అయిపోయాక పెదనాన్నకి తట్టింది. "ఒరేయ్, ఇవాళ నీళ్లు నీ వంతు కదరా? చేలో ఎవరున్నారు?"

నాన్న గబుక్కున లేచారు. "ఎవరూ లేరన్నయ్యా..."

ఇద్దరూ ఒకే సైకిలు మీద వెళ్లారు. అప్పటికే మా చేను నిండి, గట్టు మీదుగా పొర్లి, నీళ్లు పెదనాన్న నారుమడిలోకి దిగాయట. నిన్నగాక మొన్న చల్లిన మొలకంతా ఒక మూలకి కొట్టుకుపోయిందట. పెదనాన్న గట్టు మీద చతికిలబడి నవ్వారట. "నిరుడు నువ్వు చెయ్యనిదానికి తిట్టాను. ఇవాళ నిజంగానే ముంచావు. చెల్లుకు చెల్లురా" అన్నారట. ఇంటికొచ్చి అమ్మకి ఈ మాట చెప్తూ నాన్న నవ్వబోయి ఏడ్చేశారు. ఆయన ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. ఆ ఏడు మా నారులో సగం పెదనాన్న చేలోకి వెళ్లింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఇద్దరూ పక్కపక్కనే. మళ్లీ గొడవలు రాలేదని అనను... అన్నదమ్ములన్నాక రావా! కానీ ఆ ఏడంతా శుక్రవారం దాటి ఏదీ నిలవలేదు.

ఇప్పుడు నేను విజయవాడలో ఉంటున్నాను. ఆ సీరియల్ ముక్కలు ముక్కలుగా ఫోన్లో వస్తోంది. మా అమ్మాయి పడీ పడీ నవ్వుతుంది. మొన్న, "అమ్మా, ఆ ఇంట్లో ఎవరూ గది తలుపులేసుకోరేంటి?" అని అడిగింది. అలిగినవాళ్లు వెళ్లి కూర్చోడానికి వాళ్లకి వేరే గది లేదమ్మా, అన్నాను. ఇన్నేళ్లయినా జనం దాన్ని చూడటం అందుకేనేమో అనిపిస్తుంది.

మాకు ఆ వేరే గది దొరికింది. నాన్నా పెదనాన్నా కలిసిపోయిన మరుసటేడు, మాకూ టీవీ కావాలని నేను రెండు రోజులు అన్నం మానేశాను. "అక్కడుందిగా, ఎందుకే మనకి?" అన్నారు నాన్న. వింటేగా! కొనిపించాను. రంగుల టీవీ. మొదటి శుక్రవారం మా ఇంట్లో మేం మాత్రమే కూర్చుని చూశాం.

కొన్నాళ్లకి గట్టు సరిహద్దు దగ్గర మళ్లీ మాటామాటా వచ్చింది. ఈసారి శుక్రవారాలు వచ్చాయి, పోయాయి... ఎవరింట్లో వాళ్లు నవ్వుకున్నారు. పెదనాన్న పోయేదాకా అన్నదమ్ములు మాట్లాడుకోలేదు.

ఎప్పటికైనా ఇంటింటికీ టీవీ వచ్చేదే, నాకు తెలుసు. అయినా మా ఇంటికి తెమ్మని ఏడ్చింది నేనే కదా...

మీరు చిన్నప్పుడు ఎవరింట్లో టీవీ చూసేవారండీ? వాళ్లింటికి వెళ్లి ఎన్నాళ్లయింది?