నూకయ్య చేతి గడియారం

ఎండుచేపలమ్మే కూర్మమ్మ నోటికి శ్రీకూర్మం సంత సంతంతా జడుస్తుంది. అలాంటి మనిషి ఆ ఉదయం ఒక పాత గడియారాన్ని చూసి గజగజా వణికిపోయింది.

"అటక మీద పాత వలలో దొరికినాదే అమ్మా! నాన్నదే కదా?" అన్నాడు కొడుకు గోవింద్ సంబరంగా.

దొరక్కూడదనే దాచింది ఆవిడ. మొగుడు నూకయ్య వేటకెళ్లే ముందు, ఉప్పునీళ్లు తగలకుండా దాన్ని విప్పి ఆమె చేతికిచ్చేవాడు. "నానొచ్చీదాకా ఆగనీకే" అనేవాడు. రోజూ పొద్దున్నే కీ ఇచ్చేది. పదకొండేళ్ల కిందట అతను సముద్రం మీదుండగా, పాతపట్నంలో చెల్లెలింట పెళ్లికెళ్లి, ఆ సందట్లో మరిచిపోయింది. గడియారం ఆగింది. నూకయ్య మరి రాలేదు. తన మరుపే మొగుణ్ణి మింగిందన్న మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

వేటకు బయల్దేరిన గోవింద్ నవ్వుతూ కీ తిప్పి గడియారాన్ని ఆమె చేతిలో పెట్టాడు. "రేపు మజ్జానానికొచ్చేస్తాను. అందాకా నువ్వే సూసుకో."

"ఒరే, ఒద్దురా! తీసుకుపోరా!" అని ఇసకలో వెంటపడింది. వాడు వింటేనా? బోటెక్కేశాడు.

ఒకప్పుడు నూకయ్య పక్కన పడుకుని వినేది ఆ టిక్కుటిక్కు. ఎంత ఇష్టమో! ఇప్పుడది ఎప్పుడు ఆగుతుందోనని హడలి చస్తోంది. సంతకు పోలేదు, మెతుకు ముట్టలేదు.

మర్నాడు పొద్దున్న గాలి లేచింది. కీ ఇచ్చింది. భయం తీరక మళ్లీ ఇచ్చింది. ఇంకోసారి గట్టిగా తిప్పింది. లోపల టక్కుమంది. ముళ్లు నిలిచిపోయాయి.

"ఓలమ్మో, మళ్లీ సంపీసినాను!" అని గుండెలు బాదుకుంటూ ఒడ్డుకు పరుగెత్తింది. ఫోను కలవలేదు. మధ్యాహ్నం దాటింది. అందరి బోట్లూ వచ్చాయి, గోవింద్‌ది తప్ప. ఏమైందని అడిగినవాళ్లను తప్పించుకుని నీళ్ల అంచుకు నడిచింది.

పొద్దువాలే వేళకు ఇంకో బోటు తాడు కట్టి వాడి బోటును లాక్కొచ్చింది. ఇంజను చెడిందట. తడిబట్టలతో దిగి, "ఏటే అమ్మా, ఈ ఏడుపు?" అన్నాడు.

"గడియారం ఆగిపోనాదిరా."

"ఆగితే ఏటి? బాగుసేయిద్దాం."

"ఆగిపోనాది... అయినా నువ్వొచ్చినావు" అంది, వాడి మొహాన్ని రెండు చేతులా తడుముతూ. అంతే, ఇసకలో కూలబడిపోయింది. "ఒరే గోవిందూ, మీ నాన్నని నాను సంపలేదురా!"

"నువ్వు సంపినావని ఎవులన్నారే?"

పదకొండేళ్లుగా రోజూ అంటున్నదెవరో ఆమె చెప్పలేదు. చెయ్యి చాపి, గడియారం కట్టమంది.

తర్వాతి సంతలో టైమెంతని అడిగిన ప్రతివాళ్లకూ ఆ చెయ్యి చూపించింది. "ఆగిపోనాది. మా ఆయనది" అంది.