కమాను కింద చేపల బండి

మా ఊళ్లో నది రేవుకీ బజారుకీ మధ్య బెల్ సత్రం ఉండేది. వీధి వైపు గుర్రబ్బండి దూరేంత కమాను, దాని వెనక రేవు వైపుకు తెరుచుకునే రాళ్లు పరిచిన నడవ, చుట్టూ మేడమీద చెక్క వసారా, వసారా వెంట గదులు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే టాబిత పాబ్‌జాయ్ ఆ గదుల్లో పక్కలు పరిచే పనికి కుదిరింది. రైలొచ్చాక బండ్లు తగ్గి సత్రం మూతపడింది. మొగుడూ పోయాక ఆమె చేపలమ్మకం మొదలుపెట్టింది. రేవులో చేపలు కొని, తోపుడుబండి మీద ఆ కమాను కిందుగానే బజారుకు తెచ్చేది. ఊరందరిదీ అదే దారి.

లావింగ్టన్ గారు సత్రం కొని బట్టల కొట్టు చేశారు. నడవ మీద గాజు కప్పు వేయించారు, వసారాకు శాలువాలు వేలాడదీశారు. చివరికి కమానుకు అటూ ఇటూ తలుపులు బిగించి, లోపల ఆడవాళ్ల టోపీలు పేర్చారు. రిబ్బన్ల బల్ల దగ్గర నేనుండేదాన్ని.

మొదటి సంతరోజే టాబిత బండితో తలుపు నెట్టుకుని వచ్చేసింది. కొత్త తివాచీ మీద హెర్రింగ్ చేపల నీళ్లు కారాయి.

"ఏవమ్మా, కళ్లు కనబడ్డంలేదా? ఇది కొట్టు!" అని లావింగ్టన్ గారు అరిచారు.

"కొట్టు మీరు పెట్టుకున్నారు. దారి మీరు పెట్టింది కాదుగా."

"చుట్టూ తిరిగి వెళ్లొచ్చుగా!"

"ఆ చుట్టుదారి మిట్ట మీదికి ఈ బండి ఓసారి మీరు తొయ్యండి బాబూ, చూసి సంతోషిస్తాను."

పై వారం ఆయన తలుపుకు గడియ వేయించారు. టాబిత గుమ్మంలోనే బండి ఆపి, ఎండలో చేపలు కోయడం మొదలుపెట్టింది. పిల్లులు చేరాయి. టోపీలకొచ్చిన అమ్మగార్లు ముక్కులు మూసుకుని వెనక్కి తిరిగారు. లావింగ్టన్ గారు కానిస్టేబుల్ ఎనాక్‌ను పిలిపించారు.

"అత్తా, బండి తియ్యవే" అన్నాడతను.

"తీస్తా. మీ అమ్మ నిన్ను చంకనేసుకుని ఎటు పోయేదో అటే తీస్తా."

ఎనాక్ మెడ గోక్కున్నాడు. "అయ్యా, నేనూ ఇటే బడికెళ్లాను. ఈవిడ్ని లాగడం నావల్ల కాదు."

అప్పటికే బొగ్గు మూటలవాడు, బట్టలుతికే ఆడవాళ్లు ఆమె వెనక నిలబడి ఉన్నారు. ఎవరూ కదలడం లేదు. నేను బల్ల వదిలి వెళ్లి గడియ తీశాను. అందరూ టోపీల మధ్య నుంచి నడిచి వెళ్లారు.

నా ఉద్యోగం అక్కడికక్కడే ఊడింది. బజార్లో టాబితకు చెప్పి ఏడ్చాను.

"ఏడిస్తే ఏమొస్తుందే? చేపలమ్మడం వచ్చా?"

"రాదు."

"గొంతుందిగా! పట్టు బండి."

ఆ తర్వాత మళ్లీ గడియ వేయించే ధైర్యం ఆయన చేయలేదు; ప్రతి సంతకీ జనం అలాగే నడిచారు. ఆకులు రాలే కాలానికి లావింగ్టన్ గారు తలుపులు ఊడదీయించి, టోపీలు మేడమీదికి ఎక్కించారు. ఆయన మాతో మళ్లీ మాట్లాడలేదు. టాబిత మాత్రం కమాను కిందికి రాగానే కావాలనే గొంతు పెంచేది. "హెర్రింగ్! తాజా హెర్రింగ్!" అన్న కేక నడవంతా మోగేది. వసారాలో శాలువాలు బేరమాడేవాళ్లు వంగి కిందికి చూసేవాళ్లు.