ఊరికంతటికీ ఒక్కటే ఏసీ

కంప్యూటర్ ముందు కూర్చోవాలంటే గుమ్మం బయట చెప్పులు విడవాల్సిన కాలం ఒకటి ఉండేదని చెబితే మా ఆఫీసు పిల్లలు నమ్మరు. నమ్మకపోగా నవ్వుతారు. వాళ్ళు కీబోర్డు పక్కనే మిర్చిబజ్జీల పొట్లం విప్పుతారు, చాయ్ గ్లాసు పెడతారు, అది ఒలికితే రుమాలుతో తుడిచేసి మళ్ళీ టైపు చేసుకుంటారు. నాకు మాత్రం ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. నేను ఈ పని నేర్చుకున్న రోజుల్లో కంప్యూటర్ గదికి గర్భగుడికి ఉన్నన్ని కట్టుబాట్లు ఉండేవి. తడి చేతులు పనికిరావు. తుమ్ము వస్తే బయటికి ఉరికి, తుమ్మి, ముక్కు తుడుచుకుని రావాలి. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఏసీ. ఏసీ లేకపోతే కంప్యూటర్ బతకదని మా అందరి గట్టి నమ్మకం. (ఎవరు చెప్పారో, ఎక్కడ రాసి ఉందో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం అసలే లేదు.)

కరీంనగర్‌లో ఒక కోర్సు పూర్తిచేసి, సర్టిఫికెట్‌ను ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్న నన్ను, చెన్నూరులో కొత్తగా కంప్యూటర్ సెంటర్ తెరిచిన ఒకాయన పనిలో పెట్టుకున్నాడు. భూములున్న ఇంటివాడు, పట్నంలో చదువుకుని వచ్చినవాడు. అందరం ఆయన్ని సారు అనేవాళ్ళం. నేను కూడా సారునే, కాకపోతే చిన్నసారును. నాకు వచ్చింది పిల్లలకు చెప్పేవాణ్ణి. రానిది అడిగితే "గది అడ్వాన్సు కోర్సుల వస్తది" అని గంభీరంగా ముఖం పెట్టేవాణ్ణి. పిల్లలు కూడా పాపం ఆ మాట నోట్సులో రాసుకునేవారు. సారు మాత్రం పాఠాల జోలికి వచ్చేవాడు కాదు. ఆయన చూపంతా గోడకున్న ఏసీ మీద, దాని కింద స్టెబిలైజర్ ముల్లు మీద ఉండేది. ఊరంతటికీ అదొక్కటే ఏసీ. తలుపు కాసేపు తెరిచి ఉంచితే చాలు, "సల్లదనమంత బజార్ల పోతున్నది, తలుపేయున్రి" అని అరిచేవాడు.

సెంటర్ ఉన్న హాలు ఒక ముసలామె ఇంట్లో ముందరి భాగం. ఆమె వెనకగదిలో ఒంటరిగా ఉండేది. మేమందరం పెద్దవ్వ అని పిలిచేవాళ్ళం. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే బిడ్డ, పెళ్ళయి భీవండిలో మరమగ్గాల దగ్గర కాపురం ఉంటోంది. ఏసీ వెనకభాగం పెద్దవ్వ వాకిట్లోకి పొడుచుకు వచ్చి వేడిగాలి ఊదుతుండేది. మొదట్లో ఆమె దానిమీద పెద్ద యుద్ధమే చేసింది. "మీరు సల్లగ కూసోని నా మీదికి పొయ్యి ఊదుడేంది కొడకా?" అని సారును నిలేసింది. ఆ తర్వాత ఏం తోచిందో, ఆ గాలికి ఎదురుగా తీగ కట్టి చీరలు ఆరేసుకోవడం మొదలుపెట్టింది. వానాకాలంలో వాడకట్టు ఆడవాళ్ళంతా తడిబట్టలు పట్టుకుని ఆ వాకిట్లో వరస కట్టేవారు. నేను క్లాసు అయిపోయాక ఏసీ కట్టేస్తే, "ఇంకో గడియ నడువనీ బిడ్డా, లంగలు పచ్చిగనే ఉన్నయ్" అని కిటికీలోంచి కేకేసేది.

ఆ పెద్దవ్వ ఒక మే నెలలో, తెల్లవారుతుండగా, నిద్రలోనే పోయింది. ఆ ఏడు ఎండల సంగతి ఏం చెప్పను, పొద్దున్నే గోడ మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేది. నేను ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి భీవండికి ఫోన్ చేశాను. బిడ్డ ఇంటికి ఫోన్ లేదు, పక్కన మగ్గాల షెడ్డుకు చేస్తే ఎవరో పిలుచుకొచ్చారు. నేను విషయం చెప్పాను. మగ్గాల చప్పుడుకు వినపడలేదేమోనని ఇంకోసారి చెప్పాను. తర్వాత "నేనొచ్చెదాక తీయద్దని చెప్పు తమ్మీ. మా అవ్వ మొఖం నేను సూడాలె" అంది. అంతే, పెట్టేసింది. రైలెక్కి, మంచిర్యాలలో దిగి, అక్కణ్ణుంచి చెన్నూరు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం అవుతుంది.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ ఎండలో శవాన్ని ఎలా ఉంచడం? పెద్దవ్వ మరిది కొడుకు, పెద్దపెద్ద మీసాలాయన, మంచిర్యాల నుంచి బర్ఫు గడ్డలు తెప్పించాడు. అది జీపు దిగేసరికి సంచిలో వరిపొట్టు, కాసిని నీళ్ళు మిగిలాయి. వాకిట్లో కూర్చున్న పెద్దమనుషులు పొద్దు గూకేలోపు కానిచ్చేద్దామన్నారు. "పోరి మొఖం సూడకపోతే ఏమైతది, ఫోటో లేదా?" అన్నాడొకాయన. మీసాలాయన లేచి నేరుగా మా సెంటర్‌లోకి వచ్చాడు. (చెప్పులు విడిచే వచ్చాడు. అంత దుఃఖంలోనూ ఆయనకు మా కట్టుబాటు గుర్తుంది.)

"సారూ, మా పెద్దమ్మను రేపటిదాక మీ సల్లరూముల పండవెడ్తం" అన్నాడు.

సారు ముఖం తెల్లబోయింది. "నీకేమన్న తిక్క లేసిందా? గిది కంప్యూటర్ సెంటరే. రేపు పిలగాండ్లు గీడ కూసుంటరా? ఎవలన్న తమ బిడ్డలను పంపుతరా?"

"ఇల్లైతె ఆమెదే గద సారూ."

సారు ఏసీ వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను అడ్వాన్సు కోర్సు ముఖం పెట్టాను. చివరికి ఆయన కుర్చీలో కూలబడి, మీసాలాయనతో కాదు, స్టెబిలైజర్‌తో చెబుతున్నట్టు చెప్పాడు: "మా బాపు పోయినప్పుడు నేను పట్నంల ఉన్న. బస్సు దొర్కలే. నేనొచ్చెటాలకు బూడిదె మిగిలింది. మొఖం సూడలే." తర్వాత లేచి, పెద్దవ్వ గదికీ మా హాలుకూ మధ్య ఉన్న తలుపు దగ్గరికి వెళ్ళాడు. సెంటర్ తెరిచిన కొత్తలో చల్లదనం పోకుండా ఆ తలుపు సందులన్నీ ఆయనే థర్మాకోల్ ముక్కలు కూరి, టేపు అంటించి మూసేశాడు. ఇప్పుడు ఆయనే గోళ్ళతో ఆ టేపు పీకడం మొదలుపెట్టాడు. గడప దాటించిన శవాన్ని మళ్ళీ లోపలికి తేకూడదని ముసలివాళ్ళు పట్టుబట్టబోయారు గానీ, ఆమెను ఇంకా గడప దాటించనే లేదు కదా, ఒక గదిలోంచి ఇంకో గదిలోకే కదా అని మీసాలాయన వాళ్ళ నోళ్ళు మూయించాడు.

అలా పెద్దవ్వ మా కంప్యూటర్ల మధ్యకు వచ్చింది. రెండు వైపులా తెల్లగుడ్డలు కప్పుకున్న మానిటర్లు, మధ్యలో తెల్లగుడ్డ కప్పుకుని ఆమె. తలాపున దీపం పెట్టాలన్నారు ఆడవాళ్ళు. పెట్టిన దీపం పెట్టినట్టే ఏసీ గాలికి ఆరిపోయేది. "పానం ఇంక గీడనే తిరుగుతున్నదే" అని ఒకామె శోకం ఎత్తుకుంది. సారు పరుగున పోయి కీబోర్డు వచ్చిన అట్టపెట్టె తెచ్చి దీపానికి అడ్డం పెట్టాడు, అప్పుడు నిలిచింది. ఊదుబత్తులు వెలిగిస్తే పొగ ఫ్లాపీ డ్రైవులోకి పోతుందని ఆయన భయం. "అమ్మా, మీ కాల్మొక్త, గవి బయట ముట్టియ్యున్రి" అని చేతులు జోడించాడు.

శోకాలు పెట్టే ముసలమ్మలకు కాసేపటికే పళ్ళు టకటకా కొట్టుకోసాగాయి. ఏడుపు మధ్యలో ఆపి, "జర ఎండల కూసోనొస్తనే" అని ఒకరు బయటికి పోతే, ఒళ్ళు కాగిన ఇంకొకరు వచ్చి అక్కణ్ణుంచి అందుకునేవారు. ఊళ్ళో వార్త పాకింది. పెద్దవ్వను ఏనాడూ పలకరించని వాళ్ళు కూడా చూడ్డానికి వచ్చారు. శవానికి దండం పెట్టి, పైకి చూసి, "గిదేనా ఏసీ?" అని మెల్లగా అడిగి, ఇంకాసేపు నిలబడి పోయేవారు. గుమ్మం బయట చెప్పుల గుట్ట పెరిగిపోయింది. నాకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఎండ నడినెత్తికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. ఏసీలోంచి వచ్చే గాలి మెల్లగా గోరువెచ్చనైంది. స్టెబిలైజర్ ముల్లు కిందికి పడిపోయింది. వోల్టేజీ చాలక లోపలి మోటారు ఆగిపోయి ఉత్త ఫ్యాను మాత్రం తిరుగుతోంది. సారు లైన్‌మన్‌ను పట్టుకొచ్చాడు. అతను ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూసి తల గోక్కున్నాడు. "వాడకట్టంత కూలర్లు పెట్టుకున్నరు సారూ. ముంగట పిండిగిర్ని నడుస్తున్నది. మీ దాక ఏమొస్తది?"

గదిలో అప్పటికే ఒక వాసన మొదలైనట్టు నాకు అనిపించింది. నిజంగా వచ్చిందో, భయానికి అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. సారు గుమ్మం దగ్గర చెప్పుల గుట్టలో తనవి వెతికాడు, దొరకలేదు. అలాగే వట్టికాళ్ళతో, నిప్పుల్లాంటి ఆ బజారులోకి దిగాడు. ఆయన వెనక నేను. మొదటి ఇంటి ముందు నిలబడి, ఎన్నడూ ఎవరినీ బతిమాలని ఆ మనిషి, "తల్లీ, జర మీ కూలర్ బందువెట్టు. పెద్దవ్వ బిడ్డ వొచ్చెదాక" అన్నాడు. ఆమె ఒక్క మాట అడగకుండా లోపలికి పోయి మీట నొక్కింది. పక్కింట్లో పసిపిల్లను పెట్టుకుని బాలింత ఉంది. ఆ ఇల్లు వదిలేద్దామని సారు నాకు సైగ చేశాడు. ఆమె అత్త బయటికి వచ్చి, "ఏంది, మేం మనుషులం గాదా?" అని సారునే కోప్పడి, చాట తెచ్చుకుని మనవరాలికి విసురుతూ కూర్చుంది. గిర్ని ఆయన మాత్రం తటపటాయించాడు. "జొన్నలు సగం పిండైనయ్, సగం లోపట్నే ఉన్నయ్ సారూ. ఆపితె రాయి పట్టేస్తది." సారు అక్కడే ఎండలో నిలబడ్డాడు. గిర్ని ఆయన సారు కాళ్ళకేసి చూశాడు. అరికాళ్ళు ఆనించలేక ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. చూసి, వెనక్కి తిరిగి మీట కట్టేసి, మోటారు పట్టా జారవిడిచాడు. గిర్ని మూలుగుతూ ఆగింది.

అప్పుడు వినపడింది, మా హాలు వెనక దడ్డుమని ఏసీ మోటారు అందుకున్న చప్పుడు. వాడకట్టులో ఒక్క ఫ్యాను లేదు, ఒక్క కూలరు లేదు, రేడియో కూడా లేదు. అందరూ అరుగుల మీదికి వచ్చి, చెమటలు కారుతుండగా ఇసనకర్రలతో విసురుకుంటూ కూర్చున్నారు. ఊరంతటికీ ఆ ఒక్క మోటారు చప్పుడే వినపడుతోంది. ఆ రాత్రి, మర్నాడు మళ్ళీ ఎండెక్కాక కూడా, ఎవరూ చెప్పకుండానే మీటలు కట్టేసే ఉంచారు.

బిడ్డ జీపు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. రైలు మసితో ముఖం నల్లబడి ఉంది, జుట్టు రేగిపోయి ఉంది. అందరం పక్కకు జరిగాం. నేను ఏసీ పక్కన, సారు స్టెబిలైజర్ పక్కన నిలబడ్డాం. ఇద్దరి మనసులోనూ కొద్దిగా గర్వం ఉందనే చెప్పాలి, మేము ఆమెకు తల్లి ముఖాన్ని చెడకుండా నిలబెట్టి ఇచ్చామని. ఆమె కూర్చుని గుడ్డ తొలగించి ముఖం చూసింది. నిద్రపోయినట్టే ఉంది పెద్దవ్వ. బిడ్డ రెండు చేతులతో ఆ చెంపలు పట్టుకుంది, పట్టుకుని ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది. "గింత సల్లగైంది, మా అవ్వ గింత సల్లగైంది" అంటూ తాను రైల్లో కప్పుకొచ్చిన దుప్పటి తీసి తల్లికి గొంతుదాకా కప్పింది. అంచులు ఒంటి కిందికి దోపింది. పాదాలు బయటికి వచ్చాయేమోనని చూసి, అవీ చుట్టింది. తర్వాత మా ఇద్దరి వైపూ తలెత్తి, కోపం లేదు, ఏడుపు కూడా లేదు, ఇంట్లో మాట్లాడినట్టు అంది: "అన్నా, గది బందువెట్టున్రే. మా అవ్వకు సలి పడది."

సారు మెల్లగా చెయ్యి చాపి మీట నొక్కాడు. మోటారు ఆగింది. ఆ తర్వాతే ఆమె తల్లి మీద పడి గుండెలవిసేలా ఏడ్చింది. అందరం ఏడ్చాం. సారైతే గోడవైపు తిరిగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పొద్దు వాలేసరికి పెద్దవ్వను గోదావరి ఒడ్డుకు తీసుకుపోయాం.

తర్వాత కొన్నాళ్ళు పిల్లలు రాలేదు, ఆ పైన వచ్చారు. నేను ఇంకో ఊరికి, ఆ తర్వాత పట్నానికి మారాను. కొన్నేళ్ళకు నాకు తెలిసింది ఏమిటంటే, మా సెంటర్‌లో ఉన్నటువంటి చిన్న కంప్యూటర్లకు ఏసీ అసలు అక్కరలేదు. మామూలు ఫ్యాను కింద హాయిగా నడుస్తాయి. ఇన్నాళ్ళూ మేము ఆ పెట్టెలకు చలువ చేశామనుకున్నాం, అవేమో అడగనే లేదు. ఇంక చలువ చేసిన ఆ ఒక్క మనిషికీ ఆమె బిడ్డ వద్దనే అంది. వాతబడిన కాళ్ళతో ఆయన, పక్కన నేను, ఆ మోటారుకు ఏదైనా అవుతుందేమోనని కన్ను ఆర్పకుండా కాపలా కాసిన ఆ రాత్రి తలపుకొస్తే నాకు నవ్వొస్తుంది. ఆ వయసులో మళ్ళీ ఉంటే, మళ్ళీ అదే చోట నిలబడతాను. కాకపోతే ఈసారి ముందుగా ఒక దుప్పటి కప్పుతాను.