అత్తవారి నేలమాళిగ, నా బస్తా సున్నం

కొంపలు అంటించినవాళ్లను మీరు చూసే ఉంటారు, ముంచినవాళ్లనూ చూసి ఉంటారు. కొంపను ఉడకబెట్టినవాణ్ణి చూడాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి. అదీ సొంత కొంప కాదు, అత్తవారిది. పెళ్లయి ఏడాది కూడా తిరగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ, మా ఆవిడకు నవ్వు.

అవి యాభైల నాటి రోజులు. నేను వికారాబాద్ బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. అత్తవారిది తాండూరు. ఇల్లంతా అక్కడి బండలతో కట్టింది, వంటింటి పక్క మెట్లు దిగితే నేలమాళిగ. అందులో అటక మీద మామగారి విత్తనాల కందులు ఉండేవి. వాళ్ల నాన్న నాటి నుంచి ఏటా సొంత పంటలోంచే ఏరి దాచుకుంటున్న విత్తనం. అంగట్లో కందులకూ వాటికీ పోలిక పెడితే మామగారు ఆ పూట అన్నం ముట్టేవారు కాదు.

మిరుగు కార్తెలో, అంటే మృగశిరలో, మేము తాండూరు వెళ్లిన మర్నాడే పెద్ద వాన పడింది. తెల్లారేసరికి నేలమాళిగలో మోకాటిలోతు నీళ్లు. అందరం బిందెలతో తోడి తోడి మధ్యాహ్నానికి చీలమండల దాకా తెచ్చాం. అటక మీద కందులు క్షేమంగానే ఉన్నాయి. పైకి తెద్దామంటే బయట ముసురు, ఇల్లంతా కారుతోంది. అడుగున తడి ఆరకపోతే విత్తనానికి బూజు పడుతుందని, బూజు పట్టిన కంది మొలవదని మామగారి దిగులు. మిగతా నీళ్లు కూడా తోడేసి వేపాకు పొగ వేద్దామన్నారు.

సరిగ్గా అక్కడే నాలోని సైన్సు మాస్టారు నిద్ర లేచాడు. సీసాలో కాల్చిన సున్నపురాయి ముక్క వేస్తే లోపలి తేమంతా పీల్చుకుంటుందని ఆ నెలే పిల్లలకు చెప్పాను. అదే రాయి నీళ్లలో పడితే ఏమవుతుందో తర్వాతి పాఠంలో ఉంది. మేమింకా అక్కడిదాకా రాలేదు.

వరండాలో గచ్చు పని కోసం తెప్పించిన సున్నం ఉంది. బట్టీలో కాలిన పొడి గడ్డలు, చుక్క నీరు తగలకుండా కప్పిపెట్టిన బస్తా. పక్కింటి ఖాదర్ సాబ్‌కు కరణ్‌కోట దారిలో సున్నపు బట్టీ ఉండేది, ఆయనే పంపించాడు.

"మామా, పొగతోని ఏం కాదు. గా సున్నం ఏస్తె తడంత గుంజుకుంటది" అన్నాను.

మామగారు ఒకసారి బస్తాను చూశారు, ఒకసారి నన్ను చూశారు. తాండూరులో పుట్టినవాళ్లకు సున్నం గురించి ఒకరు చెప్పాలా? కానీ కొత్త అల్లుడి మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో లేదు. నేను ఉప్పు లేని కూర తిని బాగుందంటే వారం రోజులు ఇల్లంతా చప్పిడి తిన్నారు, పాపం. ఆయన మింగలేక కక్కలేక, చదువుకున్నవారు, మీ ఇష్టం అన్నారు.

అత్తగారు నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. తలుపు చాటు నుంచి కూతురితో మెల్లగా అన్నారు: "లోపట నీళ్లింక ఉన్నయని చెప్పు బిడ్డా."

మా ఆవిడ వచ్చి చెప్పింది.

"నీళ్లున్నయనే గద సున్నం ఏసేది" అన్నాను. అంత తెలివైన మాట నా జన్మలో మరొకటి అనలేదు.

మెట్ల మీది నుంచి బస్తా మొత్తం కుమ్మరించాను. కాసేపు ఏమీ కాలేదు. చూశారా అన్నట్టు వెనక్కి తిరిగాను. వెనకాల బుస్సుమంది. ఆ తర్వాత కుతకుతమంది. నేలమాళిగంతా గంజి కాగినట్టు కాగి, తెల్లటి ఆవిరి మెట్లెక్కి వచ్చి నా ముఖాన కొట్టింది. ఒళ్లంతా చల్లబడిపోయింది. ఆ ఇంట్లో చల్లగా ఉన్నది నేనొక్కణ్ణే.

ఇల్లు అంటుకుందని వీధి వీధంతా వచ్చింది. ఖాదర్ సాబ్ ఆ వాసన చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దామాద్ సాబ్, సున్నం నీళ్లు తీసినంక ఏసిండ్రా, తీయకముందే ఏసిండ్రా?"

"తీయకముందే" అన్నాను. ఆయన తల పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

సాయంత్రానికి వేడి తగ్గాక మామగారు ముఖానికి తువ్వాలు చుట్టుకుని దిగి, గుప్పెడు కందులు తెచ్చారు. ఉబ్బి ఉన్నాయి. ఒకటి వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అణిగింది. ఇంకొకటి నోట్లో వేసుకుని నమిలారు.

"ఉడికినయి" అన్నారు. అంతే. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననుకున్నాను. కానీ కింద ఉన్నది నేలమాళిగే.

అప్పుడు అత్తగారు పెళ్లయ్యాక మొదటిసారి నాతో నేరుగా మాట్లాడారు: "పోనియ్యండి. జర ఉప్పేస్తె గుడాలైతయి."

అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. నేను ఉడకబెట్టి మరీ దానం చేశాను. ఆ వీధిలో గుడాలు, అదే గుగ్గిళ్లు, తినని ఇల్లు లేదు.

అదృష్టం కొద్దీ పెద్దేముల్‌లో మామగారి చెల్లెలి ఇంట అదే విత్తనం ఉంది, ఎప్పుడో ఈయన ఇచ్చిందే. ఆమె ఇవ్వడానికి ఒప్పుకుంది గానీ, బస్తా మోయడానికి అల్లుణ్ణి మాత్రం పంపొద్దని కబురు చేసింది. ఆ ఏడు కంది చక్కగా మొలిచింది. నేలమాళిగకు కూడా ఇసుమంత బూజు పట్టలేదు. ఈ రెండో మాట ఆ ఇంట్లో అనే ధైర్యం నాకు ఇవాళ్టికీ రాలేదు.

తర్వాత దసరాకు వెళ్లాను. భోజనమై, చెంబెడు నీళ్లు తాగి, తాంబూలం పళ్లెంలో సున్నపు డబ్బీ కోసం చెయ్యి చాచాను. మామగారు డబ్బీని మెల్లగా తన వైపు లాక్కున్నారు. కొత్త అల్లుడికి ఆ ఇంట్లో ఎదురు చెప్పడం అదే మొదలు.

"ఒద్దు అల్లుడూ. మీరిప్పుడే నీళ్లు తాగిండ్రు."

ఆవిరి సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: నీళ్లున్న చోట, అది నా కడుపే అయినా సరే, సున్నం వేయను. నాటి నుంచి నేటి దాకా ఉత్త ఆకే నములుతున్నాను, నోరు పండక.