యతీశ్ తిన్న డబ్బా, చంద్రు తాగిన చారు

ఉద్దనపల్లిలో చంద్రు పుట్టిన వారానికే అతని మేనమామ కొడుకు యతీశ్ పుట్టాడు. ఊళ్లో ఇంకో ఉయ్యాల కట్టారన్న మాట చెవిన పడగానే చంద్రు పాలు తాగడం మానేశాడట. నేను అప్పటికి పుట్టలేదు. అయినా కళ్లారా చూసినట్టే చెప్పగలను. తొమ్మిదో తరగతిలో బడి నన్ను తట్టుకోలేక వదిలేసింది గానీ, మనిషి మొహం చూసి కడుపులో మంట ఎంతుందో చెప్పే విద్యలో కృష్ణగిరి జిల్లా మొత్తానికి నాకు సాటి లేదు. చంద్రు కడుపు మంట మీద మా వీధి వీధంతా సంగటి కెలుక్కోవచ్చు.

ఓర్వలేనివాడు సోమరి అని కొందరు అనుకుంటారు. చంద్రుని చూస్తే ఆ మాట అనరు. యతీశ్ చేతులు వదిలేసి సైకిలు తొక్కితే, చంద్రు కళ్లు మూసుకుని తొక్కాడు. టమాటా తోటలోకి ఇటువైపు దూరి అటువైపు తేలేసరికి సైకిలు బుట్ట నిండా పండ్లున్నాయి. యతీశ్ వాళ్ల గొర్రె కవలల్ని ఈనిన రోజు, చంద్రు తమ గొర్రె చెవి దగ్గర కూర్చుని "నీకు రోషం లేదా?" అని అడిగాడు. మరుసటేడు అది మూడు పిల్లల్ని ఈనింది. నమ్మకపోతే చంద్రు నాయన మారప్పను అడగండి. గొర్రెలు మేపేది ఆయనే.

పెద్దయ్యాక ఇద్దరూ సూళగిరి ఎస్టేట్‌లో ఒకే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి చేరారు. పోయినేడు యతీశ్ పర్మినెంటు అయ్యాడు. కాంట్రాక్టు వాళ్లకు బూడిదరంగు చొక్కా, పర్మినెంటు వాళ్లకు నీలం చొక్కా. ఆ నీలం చొక్కా వేసుకుని యతీశ్ నేరుగా మేనత్త అంజనమ్మ ఇంటికే వచ్చాడు. అంటే చంద్రు ఇంటికి.

"నా అన్న కొడుకు ఎట్లుండాడో చూడు! కలెక్టరు మాదిరి!" అని అంజనమ్మ దిష్టి తీసింది. ఆ మిరపకాయల ఘాటుకు దగ్గనివాడు చంద్రు ఒక్కడే. అంతకంటే పెద్ద ఘాటు లోపలుంది.

ఈ ఏడు చంద్రుకి వంతు వచ్చింది. సూపర్‌వైజర్ లోకనాథ్ పిలిచి చెప్పాడు. "ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పోస్టు ఒకటి ఉండాది చంద్రూ. నీ పేరే రాసినాను. మెడికల్‌లో పాసయితే నీలం చొక్కా. లేదంటే ఇంకొకరికి పోతాది, నన్ను అడగొద్దు."

ఆ రోజు నుంచి చంద్రు తన పని మానేసి యతీశ్‌ని చదవడం మొదలుపెట్టాడు. వాడి భుజాలు తలుపుకు అడ్డంగా పెరిగాయి. ఎలా పెరిగాయి? క్యాంటీన్‌లో జవాబు దొరికింది. యతీశ్ సంచిలోంచి గుండ్రటి డబ్బా ఒకటి తీసి, దాని చెవి పట్టి లాగి, లోపలి తెల్లటి ముక్కల్ని చపాతీలో చుట్టుకుని తిన్నాడు.

"ఏంరా అది?"

"ట్యూనా బావా. సముద్రం మీను. జిమ్ము మాస్టరు తినమన్నాడు. రుచి చూస్తావా?"

"నాకెందుకురా నీ ఎంగిలి మీను!" అని చంద్రు లేచిపోయాడు. సాయంత్రం బండి నేరుగా హోసూరు సూపర్‌మార్కెట్ ముందు ఆగింది. ఎలా తినాలి, ఎన్నాళ్లకొకసారి తినాలి అని ఒక్క ముక్క యతీశ్‌ని అడిగి ఉంటే ఈ కథే లేదు. కానీ యతీశ్‌ని అడగడమా? దానికంటే చంద్రు డబ్బాను డబ్బాతో పాటే మింగేస్తాడు.

ఇంటికొచ్చి డబ్బాలు తల్లి ముందు పెట్టాడు. అంజనమ్మ ఒకటి తెరిచి చూసింది. ముక్కలు కొంచెం, నీళ్లు బాగానే ఉన్నాయి. కోడలు సుమ ఆ నీళ్లు పారబోయడానికి గిన్నె ఎత్తింది.

"యాడికే ఎత్తుకుని పోతా ఉండావు?"

"నీళ్లు పారబోద్దామని అత్తా."

"సారమంతా దాంట్లోనే కదమ్మా! ఉడికిన నీళ్లు పారబోస్తే ఇంట్లో లక్ష్మి నిలస్తాదా?"

మా వైపు ఇళ్లలో ఇది చట్టం. అలసందలు ఉడికినా, ఆకుకూర ఉడికినా ఆ నీళ్లు వంచి పెట్టుకుంటాం. చింతపండు, కారం, వెల్లుల్లి నూరి పోసి వాటితోనే చారు కాస్తాం. బస్సారు అంటాం. సంగటికి దాన్ని మించిన జోడీ లేదు. అంజనమ్మ ఆ డబ్బా నీళ్లతోనూ బస్సారు కాచింది. చెయ్యి అలవాటు కొద్దీ పైనుంచి ఉప్పు కూడా వేసింది. డబ్బాలో మీనును నిలవ ఉంచింది ఉప్పునీళ్లేనని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

పొద్దున ఒక డబ్బా, రాత్రి ఒక డబ్బా. రెండు పూటలా సంగటి, గిన్నెడు చారు. పది రోజులయ్యేసరికి ఉద్దనపల్లి పిల్లులన్నీ చంద్రు బండి వెంట సూళగిరి దాకా పోయి, షిఫ్టు అయ్యేదాకా గేటు బయట కూర్చుని, మళ్లీ వెంట వచ్చేవి. సెక్యూరిటీవాడు వాటికి కూడా హాజరు వేశాడని విన్నాను.

"చూడరా, పెరిగిందా?" అని చంద్రు నా ముందు చెయ్యి మడిచి చూపించాడు.

"పెరిగింది."

"యతీశ్‌కన్నానా?"

"చెయ్యి కాదు, మొహం. ఉబ్బినట్టుంది."

"నీకు కడుపు మంట!" అన్నాడు. ఆ మాట చంద్రు నోట వినడానికి పుణ్యం చేసుకుని ఉండాలి.

మారప్ప మాత్రం తేరిపార చూసి, "ఉప్పు నాకిన గొర్రె మాదిరి చెంబులు చెంబులు నీళ్లు తాగతా ఉండావేమిరా?" అన్నాడు. చంద్రు వినిపించుకోలేదు.

మెడికల్ హోసూరులో. డాక్టరు నేత్ర చంద్రు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి చూసింది. మళ్లీ చూసింది. రెండో చేతికి చుట్టి చూసింది.

"బీపీ బాగా ఎక్కువుందప్పా. ఏం తింటా ఉండావు ఈ మధ్య?"

చంద్రు గర్వంగానే చెప్పాడు. బస్సారు దగ్గరికి వచ్చేసరికి ఆమె పెన్ను కింద పెట్టింది.

"ఆ ఉప్పునీళ్లు తాగినావా? రోజూ?"

"పారబోస్తే లక్ష్మి పోతాదని మా యమ్మ..."

"ట్యూనా మంచిదేనప్పా. కండకు బలం, గుండెకు గూడా మేలు. కానీ దానికి ఒక లెక్క ఉండాది. వారానికి రెండు మూడుసార్లు తిను, చాలు. డబ్బా నీళ్లు పిండి పారబొయ్యి. ఉప్పు తక్కువుండేది చూసి కొను. రోజూ రెండు డబ్బాలు వద్దు. సముద్రంలో పెద్ద చేపల ఒంట్లో పాదరసం చేరతాది. అదేపనిగా తింటే మన ఒంట్లో గూడా నిలస్తాది. కడుపుతో ఉండే ఆడోళ్లు, చిన్నపిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాల."

"అయితే పోస్టు..."

"రెండు వారాలకు మళ్లీ రా. ఉప్పు బాగా తగ్గించు, రోజూ నడువు. అప్పుడు గూడా ఇట్లే ఉంటే నేను సంతకం పెట్టను."

ఇంటికొచ్చి చంద్రు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పోస్టు జారిపోతుందన్న భయం ఒక పక్క. అదే డబ్బా తిని యతీశ్‌కి నీలం చొక్కా వచ్చింది, తనకు బీపీ వచ్చింది. మంట అక్కడుంది.

అంజనమ్మ ఆగలేదు. మేనల్లుడికి కబురంపింది. యతీశ్ వచ్చి విషయం విన్నాడు, నవ్వు ఆపుకోలేక గడప పట్టుకున్నాడు.

"నేను వారానికి రెండే తింటాను అత్తా. మిగిలిన దినాలు గుడ్లు, ఉలవలు. ఆ నీళ్లు గట్టిగా పిండి సింకులో పోసేస్తాను."

"పారబోస్తావా? సారమంతా?" అంజనమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. కొడుకు బీపీ వార్తకు కూడా ఆమె అంత అదరలేదు.

గోడ వైపు నుంచి గొంతు వచ్చింది. "ఆ మాట ముందే చెప్పడానికి నీ నోటికి ఏమయిందిరా?"

"నువ్వు అడిగినావా బావా?"

ఆ రెండు వారాలు సుమ వంటింటి పెత్తనం అత్త చేతిలోంచి లాక్కుంది. ఊరగాయ జాడీ అటక ఎక్కింది. చంద్రు సప్పిడి కూరతో సంగటి మింగి, పొద్దున్నే నాయన గొర్రెల వెనక కొండ చుట్టూ తిరిగాడు. ఎంత వేగంగా నడిచాడంటే గొర్రెలు సగం దారిలో నిలబడి చంద్రు రెండో చుట్టు వచ్చేదాకా ఎదురుచూసేవి.

పరీక్ష రోజు చంద్రు బండి స్టార్టు కాలేదు. యతీశ్ బండి మీదే వెళ్లాల్సి వచ్చింది. నేను మా మామ మోపెడ్ మీద వెనకే వెళ్లాను. అంత వేడుక వదులుకోవడానికి నాకేమైనా పిచ్చా? దారి పొడుగునా ఆ నీలం చొక్కా వీపు చంద్రు ముక్కుకు తగులుతూనే ఉంది.

డాక్టరు గదిలోకి నాతో పాటు యతీశ్ కూడా వచ్చి, గోడకు ఆనుకుని నిలబడి, "భయపడొద్దు బావా, నాకు ఒక్క తూరికే పాసయింది" అన్నాడు.

ఆమె గాలి కొట్టింది. అంకె చూసి కనుబొమలు ముడిచింది. "ఇంకా ఎక్కువే ఉండాదే."

చంద్రు మొహం పాలిపోయింది. కళ్లు మాత్రం యతీశ్ చొక్కా జేబు మీద కుట్టిన పేరు మీదే ఉన్నాయి. ఆమె ఆ చూపు వెంటే వెళ్లి యతీశ్ దగ్గర ఆగింది.

"ఈయన ఎవరు?"

"మా మేనమామ కొడుకు."

"ఏమప్పా, నువ్వు కొంచెం బయట కూర్చో." యతీశ్‌ని పంపి తలుపు మూయించింది. నన్ను పొమ్మనలేదు. నన్ను చూసి ఎవరికీ బీపీ పెరగదని ఆమెకు ఎలా తెలిసిందో గానీ, ఆ సంగతి నాకు ఇప్పటికీ చిన్నతనంగానే ఉంది. చంద్రుని మాట్లాడకుండా కాసేపు కూర్చోబెట్టింది. ఫ్యాను తిరిగింది. చంద్రు భుజాలు మెల్లగా కిందికి దిగాయి. మళ్లీ పట్టీ చుట్టింది, కాసేపాగి ఇంకోసారి చుట్టింది.

"నూట ఇరవై ఎనిమిది. బాగుండాది." సంతకం పెట్టింది. "ఉప్పు మాత్రం తగ్గించే ఉంచు. నెలకొకసారి వచ్చి చూపించుకో."

చంద్రు కాగితం గుండెకు అదుముకుని బయటికి వచ్చాడు. యతీశ్ ఎదురొచ్చి వాటేసుకున్నాడు. ఒక్క క్షణం చంద్రు కూడా వాటేసుకున్నాడు. ఉద్దనపల్లి చరిత్రలో అది మొదటిసారి, నేనే సాక్షిని. అంతలో భుజం మీద నుంచి తల ఎత్తి అడిగాడు.

"పోయినేడు నీకెంత వచ్చిందిరా బీపీ?"

"గుర్తులేదు బావా... నూట పద్నాలుగు అనుకుంటా."

చంద్రు చేతులు జారిపోయాయి. గిర్రున తిరిగి తలుపు తోశాడు.

"అమ్మా, ఇంకొక్క తూరి చూస్తారా? తగ్గుతాది."