సూసన్న అంటే కలువ

2022లో, వానలు వెనకబట్టిన రోజుల్లో జరిగింది ఇది. భిలాయిలో పవర్ హౌస్ మార్కెట్ వెనక నాకు రాళ్లు చెక్కే దుకాణం ఉంది. శిలాఫలకాలు, ఇంటి నేమ్‌ప్లేట్లు కూడా చేస్తాం గానీ, మాకు తిండి పెట్టేది హెడ్‌స్టోన్లు, అంటే సమాధికి తలవైపు నిలబెట్టే రాళ్లు. లెటరింగ్‌లో, అంటే అక్షరాలు చెక్కడంలో, ఒక్క తప్పు దొర్లితే గ్రానైట్ మొత్తం వృథా. అందుకే పేరు సరిగ్గా పలికించుకుని, దాని అర్థం కూడా అడిగి తెలుసుకోవడం నాకు అలవాటు. చనిపోయినవాళ్ల పేర్లతో పాండిత్యం సంపాదించినవాణ్ణి.

ఆ రోజు వచ్చినవాళ్లు అన్నాచెల్లెళ్లు, ప్రకాశ్, దయామణి. చనిపోయిన వాళ్లమ్మను నేనెరుగుదును. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీగా పనిచేసిన మనిషి. ప్లాంటు గేటు దగ్గర కలవమ్మ, చర్చిలో సూసన్నమ్మ. ఇక్కడ ఇలాంటి రెండు పేర్ల మనుషులు ఇంకా ఉన్నారు. మతం మారినట్టు బయటపడితే ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు మరి. దేవుడు మారితే కులం పోతుందని సర్కారు నమ్ముతుంది. బస్తీలో నీళ్ల పంపు దగ్గర మాత్రం ఎవరూ నమ్మరు.

"సూసన్నమ్మ అని రాయండి బాబాయ్" అంది దయామణి. "వారానికి ఒక్కరోజే ఆ పేరుతో బతికింది. ఇకనైనా ఉండనీండి."

ప్రకాశ్ ఒప్పుకోలేదు. అతని కూతురికి ఆ సర్టిఫికెట్ మీదే నర్సు ఉద్యోగం వచ్చింది. వెరిఫికేషన్ ఇంకా కాలేదు.

"సూసన్న అని రాస్తే మతం మారినామని మనమే ఒప్పుకున్నట్టు. కలవమ్మ అని రాస్తే, చర్చి శ్మశానంలో ఈవిడకేటి పని అంటారు. ఎవుడో ఫోటో తీసి ఆఫీసులో షికాయత్ పెడితే నా పిల్ల గతేటి?"

"సచ్చిపోయినాక కూడా అమ్మని దాచాలేటి భయ్యా?"

గొడవ చల్లారుద్దామని నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పాను. సూసన్న అనే పేరు షోషన్నా అనే హీబ్రూ మాట నుంచి వచ్చింది. లిల్లీ పువ్వని అర్థం. ఆ మాటకు వేరు ఇంకా వెనక ఈజిప్టులో ఉందంటారు, అక్కడ అది నీళ్లలో పూసే కలువ, మనవాళ్ల నోట కలవ. ఉర్దూవాళ్ల సోసన్ కూడా ఆ వంశానిదే. చర్చి తెలుగులో లిల్లీని వల్లిపద్మం అన్నారు.

"బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారు తెలిసే పెట్టినట్టున్నారు. మీ యమ్మకి పేరు మారనేదమ్మా, కలవమ్మే సూసన్న" అన్నాను. దయామణి కళ్లు తుడుచుకుంది. నా పాండిత్యానికి నాకే ముచ్చటేసింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ప్రకాశ్ ముఖం వెలిగింది.

"అయితే పేరెందుకు బాబాయ్? పువ్వు బొమ్మ చెక్కేయండి. అర్థం అదే కదా. ఎవుడికీ దొరకం."

మేనకోడలి బతుకు దయామణికీ ముఖ్యమే. చివరికి తల ఊపింది. నల్లరాయి మీద స్టెన్సిల్, అంటే కత్తిరించిన అచ్చు, అంటించి ఆరు రేకుల పువ్వు చెక్కాను. పనితనం బాగా కుదిరింది. ఆ మాట చెప్పడానికి ఒళ్లు మండుతోంది.

ప్రకాశ్ కూతురు ఉద్యోగంలో చేరింది, సంతోషమే. శ్మశానం చౌకీదారు ఆ సమాధిని ఫూల్‌వాలీ కబర్, పువ్వు సమాధి, అంటాడు. కింద ఎవరున్నారో అతనికి తెలియదు.

రాయి నిలబెట్టిన రోజున దయామణి ఆ పువ్వును చేత్తో తడిమి నావైపు తిరిగింది.

"నాను పోతే ఏ బొమ్మ ఏస్తారు బాబాయ్? దయకి పువ్వు నేదు కదా."

పేర్ల పుట్టుక గురించి అడిగినవాళ్లకు ఇప్పటికీ చెబుతూనే ఉంటాను. కానీ మనుషులు పేరుకు పలుకుతారు, అర్థానికి పలకరు. పేరు తీసేసి అర్థం మిగిల్చాం కదా అనుకోవడం, తీసేసినవాళ్లు తమకు తాము చెప్పుకునే ఓదార్పు.